ఒక్క యుద్ధమూ చూడని ఉక్కు పనితనం

జపాన్ భూతల ఆత్మరక్షణ దళం పక్కన పెట్టిన యంత్రాలన్నిటిలో మొదటి దండం దేనికి పెడతావని ఎవరైనా అడిగితే నేను తడుముకోను. టైప్ 74 ట్యాంకుకే. 38 టన్నుల ఆ ఉక్కు, మావటి మాట విన్న ఏనుగులా ముందుకు మోకరిల్లుతుంది, వెనక్కి వాలుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, పొట్ట నేలకు ఆనుతుందేమో అన్నంత కిందికి దిగుతుంది. ఫుజి పర్వతం పాదాల దగ్గర జరిగే కాల్పుల ప్రదర్శనల్లో ఈ విన్యాసం చూసి జనం చప్పట్లు కొట్టేవారు. అది చప్పట్ల కోసం నేర్పిన విద్య కాదు. ఆ ఒంపులో జపాన్ నేల మొత్తం ఉంది.

చాలా ట్యాంకుల బరువును చట్రం అడుగున అడ్డంగా అమర్చిన ఉక్కు కడ్డీలు మోస్తాయి. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలితిరుగుతుంది, మళ్లీ విప్పుకుంటుంది. టైప్ 74 తయారుచేసిన మిత్సుబిషి ఇంజినీర్లు ఈ దారి వదిలేశారు. పక్కకు ఐదేసి చక్రాలు. వాటి బరువు పడేది నూనె, నైట్రోజన్ వాయువు నింపిన సిలిండర్ల మీద. వాయువు నొక్కుకుపోయి స్ప్రింగు పని చేస్తుంది. నూనె ఎక్కువ పంపితే ఆ చక్రం దగ్గర బండి లేస్తుంది, తీసేస్తే దిగుతుంది. డ్రైవరు తన సీటులోంచే బండిని మామూలు ఎత్తు నుంచి 20 సెంటీమీటర్లు పైకి లేపగలడు, అంతే కిందికి దించగలడు. ముందుకూ వెనక్కూ 6 డిగ్రీలు, పక్కలకు 9 డిగ్రీలు వంచగలడు.

ఇంత శ్రమ ఎందుకంటే జపాన్‌లో మైదానం తక్కువ, కొండలే ఎక్కువ. అక్కడ ట్యాంకు గట్టు వెనక దాక్కుని ఫిరంగి మాత్రమే బయటపెట్టి పల్లంలోకి కాల్చాలి. అలా కాల్చాలంటే ఫిరంగి మూతి బాగా దిగాలి. మూతి దిగితే లోపల దాని వెనక భాగం పైకి లేస్తుంది. దానికి చోటు కావాలంటే టరెట్ కప్పు ఎత్తు పెంచాలి. ఎత్తు పెంచితే శత్రువుకు దూరం నుంచే కనబడుతుంది. ఈ చిక్కుముడిని వాళ్లు విప్పిన తీరు చూడండి! ఫిరంగి తనంతట తాను దిగేది 6.5 డిగ్రీలే. మిగతా 6 డిగ్రీలూ బండే వంగి ఇస్తుంది. అందుకే టైప్ 74 ఎత్తు 2.25 మీటర్ల దగ్గర ఆగింది. ఆ తరానికి చెందిన అమెరికా ఎం60 మూడు మీటర్లు దాటింది. స్వీడన్ ఎస్ ట్యాంకూ ఇలాగే వంగుతుంది, కాదనను. కానీ దానికి తిరిగే టరెట్ లేదు, ఫిరంగి బండికే బిగించి ఉంటుంది కనుక వంగక తప్పదు. తిరిగే టరెట్‌నూ, వంగే ఒంటినీ ఇంత పొందికగా కలిపిన ఘనత నా దృష్టిలో టైప్ 74దే.

ఇక దాని ఫిరంగి. 105 మిల్లీమీటర్ల బ్రిటిష్ ఎల్7 నమూనా. లైసెన్సు తీసుకుని జపాన్ స్టీల్ వర్క్స్ తయారుచేసింది. 1907లో హొక్కయిడో దీవిలోని మురోరన్‌లో పుట్టిన ఈ సంస్థ ఆవరణలో 1918 నుంచి ఖడ్గాలు చేసే కొలిమి ఉంది. హొరీ తనేయకి, హొరీ తొషిహిదే వంటి ఖడ్గకారులు సమ్మెట పట్టిన చోటు అది. పెద్ద ఫిరంగి గొట్టం పని కూడా అలాంటి ఓపికే అడుగుతుంది. ఎర్రగా కాగిన ఉక్కు దిమ్మను సాగగొట్టాలి, నిలువునా తొలవాలి. తర్వాత లోపలి నుంచి విపరీతమైన ఒత్తిడి పెట్టి గొట్టాన్ని కాస్త ఉబ్బిస్తారు. ఒత్తిడి తీసేశాక బయటి ఉక్కు లోపలి ఉక్కును శాశ్వతంగా బిగించి పట్టుకుంటుంది. మందు పేలినా గొట్టం పగలకుండా కాచేది ఆ పట్టే. ఆ తర్వాతే గుండును తిప్పే మెలిక గాడులు.

ఈ విద్య ఒక్కరోజులో రాలేదు. 1927లో జపాన్ తొలి ట్యాంకు వెనక నిలిచిన మేధావి హర తొమియో. యుద్ధంలో ఓడాక ఆయుధాల తయారీ ఆగిపోయింది. 1950లో నేషనల్ పోలీస్ రిజర్వ్, 1954లో భూతల దళం ఏర్పడ్డాయి. చేతికొచ్చినవి అమెరికా ఇచ్చిన షెర్మన్, చాఫీ ట్యాంకులు. షెర్మన్‌లో పెడళ్లు జపాన్ డ్రైవర్లకు సరిగా అందేవి కావని చెబుతారు. అప్పుడు స్వదేశంలో పుట్టింది టైప్ 61: 35 టన్నులు, 90 మిల్లీమీటర్ల ఫిరంగి, 570 హార్స్‌పవర్ డీజిల్. ఆ దేశపు రైలు మార్గం మీద పట్టాలి కనుక వెడల్పు మూడు మీటర్లు దాటనివ్వలేదు. దాని గేరు వేయడమే ఒక కళ. పొరపాటు చేస్తే కడ్డీ తన్ని చెయ్యి విరిగేదని పాతకాపుల మాట. 560 బళ్లు తయారయ్యాయి. 2000లో చివరిది సెలవు తీసుకుంది.

టైప్ 60ని మరిస్తే పాపం. 8 టన్నుల బుల్లి చైను బండి మీద 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ ఫిరంగులు జంటగా. ఎత్తు మనిషి భుజం దాటదు. గట్టు వెనక నక్కి, ఫిరంగులను పైకి లేపి, రెండూ పేల్చి, వెనక దుమ్ము లేచేసరికి చోటు మార్చేయాలి. మళ్లీ గుండు నింపాలంటే సైనికుడు బయటికి రావాల్సిందే. అలాంటి బండితో పని చేయించుకున్నవాళ్ల గుండె ధైర్యానికి చేతులు జోడించాలి. స్వయంచాలకంగా గుండ్లు నింపుకునే టైప్ 75 ఫిరంగి మూడు నిమిషాల్లో 18 గుండ్లు వదిలేది. ఆకాశంలో కవసకి చేసిన జంట రోటర్ల హెలికాప్టర్లు వీ-107లు. 1985 ఆగస్టులో 520 మందిని బలిగొన్న విమాన ప్రమాదంలో కొండ కొమ్ము మీద ప్రాణాలతో దొరికిన నలుగురి కోసం వెళ్లినవి అవే.

ఇవేవీ ఎప్పుడూ యుద్ధం చేయలేదు. ఒక్క శత్రువు మీదా పేలలేదు. 1991లో ఉన్‌జెన్ అగ్నిపర్వతం నిప్పులు చిమ్మినప్పుడు ఆ దళం కవచ వాహనాలు ప్రమాద ప్రాంతంలోకి వెళ్లాయి. 2011లో ఫుకుషిమా శిథిలాలు తొలగించడానికి ముందు దోకుడు పలక బిగించిన రెండు టైప్ 74లను సిద్ధంగా పెట్టారు. చివరికి ఆ అవసరం రాలేదు. ఆయుధానికి ఇంతకన్నా మంచి జాతకం ఉంటుందా? కానీ ఈ మంచితనమే వాటికి శాపమైంది. పోరాడిన ట్యాంకుకు ఆ పోరు పేరు మీద దిమ్మె కడతారు, పుస్తకాలు రాస్తారు. పోరాడని ట్యాంకు దగ్గర చూపించుకోవడానికి పనితనం ఒక్కటే ఉంటుంది. దాన్ని గుర్తుపట్టే కళ్లు తగ్గిపోతున్నాయి.

జపాన్ రక్షణ ప్రణాళికల్లో ట్యాంకుల సంఖ్య 1976లో 1200. అది 900, 600, 400 మెట్లు దిగి 2013 నాటికి 300కి వచ్చింది. 873 తయారైన టైప్ 74ల్లో చివరివి 2024 మార్చిలో సేవ ముగించాయి. వాటి బదులు చాలాచోట్ల తిరుగుతున్నది టైప్ 16, ఎనిమిది రబ్బరు చక్రాల బండి. రోడ్డు మీద అది వేగంగా పోతుంది, నిజమే. దాన్ని ట్యాంకు వారసుడని పిలవడం మాత్రం నాకు మింగుడు పడదు. అదే ఫిరంగి వ్యాసం పెట్టినంత మాత్రాన అదే విద్య అబ్బదు. 2022 డిసెంబరు ప్రణాళికలో దాడి హెలికాప్టర్లకే మంగళం పాడేశారు. వాటి పని డ్రోన్లకు అప్పగించారు.

అంతకన్నా మండిపోయేది నకళ్లు చూస్తే. వీడియో గేముల్లో టైప్ 74 ఏదో బొమ్మలా గంతులేస్తుంది. ఒక్క చక్రం బరువు మోసినట్టుండదు. షిజువొకలోని టమియా కంపెనీ 35వ వంతు కొలతలో చేసిన ప్లాస్టిక్ నమూనాలను చేతిలోకి తీసుకుంటే అసలు బండి మీద వాళ్ల గౌరవం తెలుస్తుంది. చౌక నకళ్లలో పోత పోసిన టరెట్ గుండ్రదనమే ఉండదు. ఇక అసలు బళ్ల గతి చూడండి. ఇంజిను పీకేసి, తలుపులు వెల్డింగు చేసి, ఫిరంగి మూతి మూసేసి, మీద మందంగా పచ్చ రంగు కొట్టి గేటు దగ్గర నిలబెడితే దాన్ని భద్రపరచడం అనరు. వంగడమే ప్రాణమైన బండిని వంగకుండా నిలబెట్టి పిల్లలకు ఏం చూపిస్తారు?

మన విశాఖ తీరానికి రండి. 2001లో విధుల నుంచి తప్పుకున్న కుర్సురా జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి, మరుసటి ఏడాది జనానికి తెరిచారు. లోపలికెళ్లి వాల్వులూ గేజీలూ ఎక్కడివక్కడే చూడొచ్చు. ఏది ఎందుకుందో మాజీ నావికులే చెబుతారు. దసరాకు పలుగుకూ రంపానికీ కూడా బొట్టు పెట్టే మనకు పనిముట్టును గౌరవించడం ఒకరు నేర్పక్కర్లేదు. ఇంగ్లండులోని బోవింగ్టన్ మ్యూజియం పాత ట్యాంకులను ఏటా నడిపి చూపిస్తుంది. జపాన్‌లోనూ గొతెంబా పట్టణ అభిమానులు చందాలు పోగుచేసి, తమ దేశపు పాత టైప్ 95 ట్యాంకును 2022లో ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నారు. పరాయి దేశంలో మిగిలిన తమ బండిని కొని తెచ్చుకోవాల్సి రావడం కన్నా పెద్ద పాఠం ఏముంటుంది?

ఆ పాఠం టైప్ 74కు రెండోసారి చెప్పించుకోవద్దని జపాన్ రక్షణ శాఖకు నా మనవి. ఫిరంగి పేలనక్కర్లేదు. రకానికి ఒక్క బండి చాలు. ఇంజిను ఊపిరితో, సిలిండర్లలో నూనెతో. టైప్ 61 గేరు వేసిన చేతులు ఇప్పుడు ముసలివైపోతున్నాయి. టైప్ 74ను వంచిన చేతులు ఇంకా ఉన్నాయి. చేతికి తెలిసిన పని చేతి నుంచే అందాలి. వాళ్ల పక్కన కుర్రాళ్లను కూర్చోబెట్టాల్సింది ఇప్పుడే.