కోతుల పునరావాసము: ఒక విమర్శ

కోతుల అభయాశ్రమ మెక్కడ అని నెక్కొండ రైతును అడిగినచో తన మొక్కజొన్న చేనునే చూపగలడు. ఈ మాటలో హాస్యము కొంత, బాధ ఎక్కువ. నెదర్లాండ్సులో 1971లో తెరచిన ఆపెన్‌హ్యూల్ వనమున స్క్విరల్ కోతులు సందర్శకుల నడుమ స్వేచ్ఛగా తిరుగును. అక్కడ వేళకు మేత పెట్టువారున్నారు. ఇక్కడ మేత పెట్టువాడు రైతే. అతని సమ్మతిని మాత్రము ఎవరును అడుగరు.

ఈ బాధ తీర్చుటకు తెలంగాణములో జరిగిన ప్రయత్నములలో రెండు ముఖ్యమైనవి. 2015లో ఆరంభమైన హరితహారములో ‘మంకీ ఫుడ్ కోర్టు’ల పేర పండ్లచెట్లు నాటించుట ఒకటి. 2020 డిసెంబరులో నిర్మల్ జిల్లా చించోలి వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రమును తెరచుట రెండవది. పట్టి తెచ్చిన కోతులకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి అడవిలో విడుచుట దాని పని.

రెండును సదుద్దేశముతో పుట్టినవే. కాని శస్త్రచికిత్స సంతానమును ఆపును, ఆకలిని ఆపదు. మన కోతికి రెండు బుగ్గలలోను సంచులున్నవి. క్షణములో గింజలు నింపుకొని, చెట్టెక్కి తీరికగా నములును. చికిత్సతో ఆ సంచులు పోవు కదా! పైగా ఆడకోతులు పుట్టిన మందలోనే జీవితమంతయు గడుపును. కావున మందలోని ఆడకోతులలో అధికభాగమునకు చికిత్స జరిగిననే ఫలితము. ఊరూర దొరికినన్ని పట్టినందువలన లెక్క తగ్గదు.

మరొక లోపము మన చర్చలలోనే ఉన్నది. కోతులన్నియు ఒక్కటే యనుకొనుచున్నాము. పొడవైన తోక, నెత్తిన టోపీవలె అమరిన వెంట్రుకలు గలది బోనెట్ కోతి. ఇది దక్షిణాపథమునకే పరిమితము. పొట్టితోక గలది రీసస్ కోతి. ఒకప్పుడు గోదావరి వీటి నడుమ ఎల్లగా ఎంచబడినది. రీసస్ కోతులు దక్షిణమునకు వ్యాపించి బోనెట్ కోతుల తావులను ఆక్రమించుచున్నవని 2011లో ప్రకటితమైన పరిశోధన హెచ్చరించినది. జాతిని గుర్తింపక ఒకచోట పట్టి వేరొకచోట విడుచుట ఆ ఆక్రమణకు మనమే బండి కట్టుట యగును.

పండ్లచెట్ల ఆలోచన వీటిలో మేలైనది. అయితే చోటు ముఖ్యము. ఊరి అంచున నాటినచో కోతిని పిలిచినట్లే. నెక్కొండ ప్రాంతమునకు పాకాల అభయారణ్యము దగ్గరనే ఉన్నది. అట్టి అడవుల లోపల మర్రి, మేడి, రావి, నేరేడు వంటివి వేరువేరు కాలములలో పండునట్లు పెంచవలెను. ఎన్ని కోతులను పట్టితిమన్నది కాదు, ఎన్ని చేలు దక్కినవన్నదే ఈ పథకములకు తగిన పరీక్ష.