వంటపుస్తకం ఎవరి ఆట?

'వెన్బా' అనే వీడియో గేమ్ 2023లో వచ్చింది. టొరంటోలోని విసై గేమ్స్ సంస్థ తయారుచేసింది. రూపకర్త అభి కూడా తమిళ వలస కుటుంబపు కొడుకే. 1980లలో కెనడా చేరిన వెన్బా, పావలన్ దంపతుల కథ ఇది. వెన్బాకు తల్లి ఇచ్చిన వంటపుస్తకంలో కాగితాలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. ఆ ఖాళీల్ని ఆడేవాళ్లే పూరించాలి. ఇడ్లీ రేకులు ఎలా పేరిస్తే ఆవిరి అన్నిటికీ అందుతుందో తెలిస్తేనే ఆట ముందుకు సాగుతుంది.

'అమ్మ చేతి వంట' అని పొగిడే మన ఇళ్లలో ఆ చేతి వెనకున్న తెలివి ఎప్పుడూ లెక్కలోకి రాదు. అది కూడా ఒక విద్యేనని, చెడగొట్టి మళ్లీ చేస్తే తప్ప పట్టుబడదని ఈ ఆట మన చేతులతోనే ఒప్పిస్తుంది.

అయితే వెన్బా అన్నది తమిళంలో ఒక ఛందస్సు పేరు. పేరు కవిత్వానిది, పని వంటింటిది. ఆమె ఉద్యోగ ప్రయత్నాలు, ఒంటరితనం సంభాషణల్లో వినిపిస్తాయి. మాటల్లో మనం ఎంచుకునేవి కొన్ని ఉన్నా, చెయ్యి పెట్టి ఆడేది మాత్రం పొయ్యి దగ్గరే. వీడియో గేమ్‌లో చెప్పినదానికన్నా చేయించినదే మనసులో నిలుస్తుంది. చివరికి గరిటె కొడుకు కవిన్ చేతికి వస్తుంది. తమిళం చదవడానికి తడుముకుంటూ, అమ్మ వంట వండుతూ తానెవరో వెతుక్కుంటాడు. కొడుకు వంటింట్లోకి రావడం చిన్న విషయం కాదు. కానీ ఆ మమకారం కొడుక్కి అస్తిత్వాన్నిచ్చింది, సరే. తల్లికి ఏమిచ్చింది?

కృష్ణా డెల్టాకి ఈ ప్రశ్న పరాయిది కాదు. గుడివాడ, ఉయ్యూరు ప్రాంతాల్లో పిల్లలు అమెరికాలో, తల్లులు ఇక్కడ ఉన్న ఇళ్లు ఎన్నో. గోంగూర పచ్చడిలో ఎన్ని మిరపకాయలు వెయ్యాలో ఫోనులో అడుగుతారు. నువ్వేం చదవాలనుకున్నావమ్మా అని ఎందరు అడుగుతారు?

ఆటలు కల్పించడం ఈ స్త్రీలకు కొత్తేమీ కాదు. చింతపిక్కలతో వామనగుంటలు, గవ్వలతో అష్టాచెమ్మా, ఇంటికో నియమం మార్చుకుంటూ ఆడారు. దాన్ని పొద్దుపోని పని అన్నారే గాని సృజన అనలేదు. ఇవాళ విజయవాడ కాలేజీల్లో కంప్యూటర్ కోర్సులు చదివే అమ్మాయిలు ఎందరో. వాళ్లలో ఒకరు తన తల్లి గురించి ఆట తయారుచేస్తే, వంటింటి గడప దాటి ఇంకే తలుపులు తెరుచుకుంటాయి? 'వెన్బా'ని మెచ్చుకుంటూనే ఆ ఆట కావాలని కూడా మనం అడగాలి.