గ్లొరాంథా: ఎవరు చెప్పిన పురాణం?

1980లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ అనే పుస్తకం వచ్చింది. జేమ్స్ వార్డ్, రాబర్ట్ కుంట్జ్ కలిసి రాశారు. గ్రీకు, నార్స్, ఈజిప్టు దేవుళ్లతో పాటు మన దేవుళ్లకీ అందులో ఒక అధ్యాయం ఉంది. ఇంద్రుడున్నాడు, కాళి ఉంది. ఒక్కొక్కరికీ ఇన్ని హిట్ పాయింట్లు, ఇంత ఆర్మర్ క్లాస్, దెబ్బకి ఇంత డ్యామేజ్ అని లెక్కలు. మన దేవుళ్లకి మార్కులు వెయ్యడమేంటని కోపం తెచ్చుకోవడం తేలిక. నా ఇబ్బంది అది కాదు. ఆ అధ్యాయం మొత్తం చదివినా ఇంద్రుణ్ణి కొలిచేవాడు పొద్దున్నే లేచి ఏం చేస్తాడో, ఎవరింట్లో తినడో, ఎవరికి పిల్లనివ్వడో మనకి తెలీదు. దేవుడితో యుద్ధం చెయ్యడానికి కావలసిన సమాచారం ఉంది. ఆ దేవుడి నీడలో బతకడానికి కావలసింది లేదు.

నలుగురు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, నోటిమాటతో కథ నడిపే ఆటలివి. బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్లకీ, స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్లకీ కొంత పరిచయమే. కథ జరగాల్సిన ప్రపంచాన్ని ముందే కల్పించి పెట్టుకోవడాన్ని వరల్డ్‌బిల్డింగ్ అంటారు. చాలామంది మ్యాపుతో మొదలుపెడతారు. తర్వాత రాజ్యాలు, రాజవంశాలు, దేవుళ్ల లిస్టు. ఎంత ఎక్కువ రాసి పెట్టుకుంటే ప్రపంచం అంత గట్టిగా నిలబడుతుందని నమ్మకం. ఈ నమ్మకానికి నాకు తెలిసినంతలో గట్టి జవాబు గ్లొరాంథా. చిత్రమేమిటంటే, చివరికి ఆ నమ్మకానికి కొంతవరకూ లొంగిపోయింది కూడా గ్లొరాంథాయే.

గ్రెగ్ స్టాఫర్డ్ ఈ ప్రపంచం గురించి 1966లో రాయడం మొదలుపెట్టాడు. 1975లో ‘వైట్ బేర్ అండ్ రెడ్ మూన్’ అనే బోర్డ్ గేమ్ వేసుకోవడానికి కేయోసియం కంపెనీ పెట్టాడు. 1978లో ఇదే ప్రపంచంలో ఆడుకునే రూన్‌క్వెస్ట్ వచ్చింది. ఆ మరుసటేడు స్టాఫర్డ్, స్టీవ్ పెర్రిన్ కలిసి తెచ్చిన ‘కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్’ దగ్గర కాస్త ఆగాలి.

అది కూడా పైకి దేవుళ్ల జాబితానే. కానీ ప్రశ్నలు వేరు. ఈ దేవుడి కథేంటి? కొలిచేవాళ్లు చచ్చిపోయాక ఎక్కడికి పోతామనుకుంటారు? ఈ మతంలో చేరాలంటే ఎవరు అర్హులు, ఏం ఇచ్చుకోవాలి, దేనికి దూరంగా ఉండాలి? పక్క దేవుడి మనుషులతో చుట్టరికమా, పగా? ఈ వివరాల మధ్యలో బిటూరియన్ వరోష్ అనే వ్యాపారి ప్రయాణం ముక్కలుముక్కలుగా నడుస్తుంది. అతనికి అన్నీ తెలియవు. తెలిసినవి కూడా బేరగాడి కళ్లతో తెలిసినవే. ప్రాక్స్ మనకి పై నుంచి కనిపించే మ్యాపులా కాకుండా, సరుకు అమ్ముకుంటూ బతికి బయటపడాల్సిన చోటులా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చాలు. ప్రాక్స్ గడ్డి మాత్రమే మొలిచే మెట్ట నేల. దేవతల యుద్ధాల తర్వాత అందరికీ తిండి చాలని రోజులొచ్చాయట. అప్పుడు వాహా అనే దేవుడు ప్రతి తెగలోనూ మనుషులకీ జంతువులకీ మధ్య తీర్పు పెట్టాడు. గెలిచినవాళ్లు కాపరులు. ఓడినవాళ్లు తెలివి పోగొట్టుకుని గడ్డి మేసే మంద. అన్నిచోట్లా మనుషులు గెలిచారు, ఒక్కచోట తప్ప. అక్కడ గెలిచిన మొరొకాంథ్‌లు, టేపిర్‌ని పోలిన జీవులు, ఇప్పటికీ మనుషుల మందల్ని తోలుకుంటూ తిరుగుతాయి. మిగతా తెగలవాళ్లని అడిగితే ‘అవి మోసం చేసి గెలిచాయి’ అంటారు. తమ గెలుపు మాత్రం న్యాయం. పుట్టుకతోనే మనిషి చోటు తేలిపోయే దేశంలో పెరిగినవాళ్లకి ఇదేమంత వింత కథలా అనిపించదు.

ఈ ఒక్క కథలో ప్రాక్స్ వాళ్ల తిండి, పొరుగువాళ్ల మీద అసహ్యం, లోపల దాచుకున్న భయం అన్నీ ఉన్నాయి. రాజవంశాల పట్టిక పది పేజీలు రాసినా ఇది రాదు. ఆటగాడు ఏ తెగవాడో తేలగానే, మంద ఎదురైనప్పుడు ఏమనాలో అతనికి తెలిసిపోతుంది. ఆటలో వరల్డ్‌బిల్డింగ్ చెయ్యాల్సిన పని ఇదే.

పెద్ద పురాణమూ ఇంతే. తుఫాను దేవుడు ఓర్లాంథ్ సూర్యచక్రవర్తి యెల్మ్‌ని చంపాడు. లోకం చీకటైంది. తర్వాత ఓర్లాంథ్ పాతాళానికి వెళ్లి రాజీ పడ్డాక సూర్యుడు మళ్లీ పొడిచాడు, కాలం మొదలైంది. ఓర్లాంథ్ మనుషుల లెక్కలో చచ్చినవాడు నియంత, తమ దేవుడు తప్పు చేసి దిద్దుకున్న వీరుడు. సూర్యుడి మనుషుల లెక్కలో ఓర్లాంథ్ రాజద్రోహి, హంతకుడు. ఏది నిజమో తేల్చే మూడో గొంతు లేదు. ఎవరి కథలో నిలబడితే వాళ్లకి ఆ కథ శక్తినిస్తుంది. సార్టార్‌ని ఆక్రమించిన లూనార్ సామ్రాజ్యం ఓర్లాంథ్ పూజ మీద ఎందుకు పడుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. కథని ఆపితే తిరుగుబాటు ఆగుతుంది.

ఇక నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి సూటిగా తగిలే చోటు. గ్లొరాంథా చరిత్రలో గాడ్ లర్నర్స్ అనే పండితులున్నారు. అన్ని జాతుల పురాణాలూ సేకరించి, పోలికలు పట్టి, అన్నిటి వెనకా ఉన్న ఒకే అసలు పురాణం తేల్చాలని కూర్చున్నారు. డేటాబేస్‌లో డూప్లికేట్ రికార్డులు తీసేసినట్టు. రెండు చోట్ల పంటదేవతలు ఒకేలా ఉన్నారు కదా అని ఒకరి చోట ఇంకొకర్ని పెట్టి చూశారు. పంటలు పోయాయి. చివరికి వాళ్లూ నాశనమయ్యారు. ‘అక్కడి ఈమె, ఇక్కడి ఆమె ఒకటే’ అనుకోవడం ఎంత ప్రమాదమో స్టాఫర్డ్ ప్రపంచం లోపలే ఒక విపత్తుగా రాసిపెట్టాడు. వరల్డ్‌బిల్డింగ్ మీద వచ్చిన మంచి విమర్శ ఒక కల్పిత ప్రపంచంలోనే ఉందన్నమాట.

అందుకే 2014లో వచ్చిన ‘గైడ్ టు గ్లొరాంథా’ నాకు మింగుడు పడదు. రెండు భారీ సంపుటాలు. దేశదేశానికీ మ్యాపులు, జనాభా లెక్కలు, ఊళ్లు, చరిత్ర. అందులో కష్టం ఉంది, ప్రేమ ఉంది, కాదనను. కానీ ఎక్కువ భాగం మాట్లాడే గొంతు ఎవరిది? ఏ తెగకీ చెందని, అన్నీ తెలిసిన గొంతు. అది గాడ్ లర్నర్ గొంతే. బిటూరియన్‌కి తెలియనివి కూడా దానికి తెలుసు. కొత్తగా ఆడదామనుకున్నవాళ్లు ఇంత చదివితే తప్ప ఆడకూడదేమో అని జంకుతారు. ‘మీ గ్లొరాంథా వేరుగా ఉంటుంది’ అని అభిమానులు ఒక నినాదంలా చెప్పుకుంటారు గానీ, అంత బరువున్న పుస్తకం బల్ల మీద పెట్టాక ఆ ధైర్యం చెయ్యడం కష్టం.

మొదటి గ్లొరాంథా మీద కూడా నాకో పేచీ ఉంది. తెలంగాణలో చిందు కళాకారులు మాదిగల కోసం ఆడే జాంబపురాణంలో ఆదిజాంబవుడు భూమికంటే ముందే పుట్టినవాడు. లోకం పుట్టుకని ఆయన దగ్గర మొదలుపెట్టి చెప్తే, పెద్దెవరు, చిన్నెవరు అన్న లెక్కే తిరగబడుతుంది. ఒకే లోకానికి రెండు పురాణాలు, గ్లొరాంథాలో లాగే. తేడా ఏంటంటే, అక్కడ ప్రతి పురాణానికీ మంత్రశక్తి రూపంలో రుజువు దొరుకుతుంది. ఓడిపోయినవాళ్ల దేవుడు కూడా పిలిస్తే పలుకుతాడు. ఇక్కడ ఒక కథ గ్రంథాలకీ గుళ్లకీ ఎక్కింది. ఇంకో కథ, ఆడేవాళ్లు ఆడుతూ ఉంటేనే బతుకుతుంది. ‘రెండూ నిజమే’ అనడం గ్లొరాంథాలో లోతైన మాట. మన దగ్గర అదే మాట కొన్నిసార్లు తప్పించుకునే దారి.

తెలుగులో ఇలాంటి ప్రపంచం కట్టాలని ఉత్సాహపడేవాళ్లకి పురాణాల పేర్ల లిస్టు చేతికి అందుబాటులోనే ఉంటుంది. దానికి హిట్ పాయింట్లు తగిలిస్తే 1980 నాటి పుస్తకం ఇంకోటి తయారవుతుంది. దానికంటే ఒక్క ఊరి జాతరతో మొదలుపెట్టడం మేలు. డప్పు ఎవరు కొడతారు? తెగిన పోతులో ఎవరి వాటా ఎంత? గుడి గడప దగ్గర ఆగిపోయేదెవరు, అలా ఆగడానికి వాళ్లు చెప్పుకునే కథేంటి, లోపలున్నవాళ్లు చెప్పే కథేంటి? ఈ జవాబులు వచ్చాక, అవసరమైతే, మ్యాపు గీసుకోవచ్చు.