అతివాహకతకు ఉష్ణోగ్రత ఒక్కటే కొలబద్దయా?

విద్యుత్తును నిరోధము లేక ప్రవహింపనిచ్చుటయే అతివాహకత. 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు కొందరు ఎల్‌కె-99 అను పదార్థము మామూలు ఉష్ణోగ్రతలోనే అతివాహకమని ప్రకటించిరి. అయస్కాంతముపై సగము తేలిన తునకను చూచి లోకము ఉప్పొంగినది. ఆగస్టులోనే ఇతర ప్రయోగశాలలు నిజము తేల్చినవి: నిరోధము హఠాత్తుగా పడిపోవుటకు కారణము అందు కలిసిన రాగి సల్ఫైడు మలినమే.

ఆ ప్రకటనకన్న మన తూకములోని లోపము పెద్దది. 1987లో వెలువడిన ఇట్రియం-బేరియం-రాగి ఆక్సైడుకు చవకైన ద్రవ నైట్రోజను చల్లదనమే చాలును. అయినను ఆసుపత్రుల ఎం.ఆర్.ఐ. యంత్రములలో నేటికిని ఎక్కువగా ఉన్నది ద్రవ హీలియముతో చల్లబరచు నియోబియం-టైటానియం తీగయే. ఏలయన, అది సాగును, చుట్టలుగా చుట్టుకొనును. ఆక్సైడు పింగాణీవలె పెళుసు.

కావున క్రొత్త పదార్థమును గూర్చి విన్నపుడు, "ఎంత ఉష్ణోగ్రతలో?" అని మాత్రమే కాక, "ఎంత విద్యుత్తును, ఎంత అయస్కాంత క్షేత్రమును ఓర్చును? తీగ అగునా?" అనియు అడుగవలెను.