కళ్ళం దగ్గర కరణం

పేరు జమీందారుది, ఊరు నడిచేది మాత్రం కరణం లెక్క మీద. పందొమ్మిదో శతాబ్దపు ఉత్తర సర్కారుల్లో, పంటను పాళ్లు వేసి పంచుకునే జమీందారీ ఊళ్లలో, కరణం పనితనం చూడాలంటే కళ్ళానికే వెళ్లాలి. కోతలకు ముందే గట్ల వెంట తిరిగి, వెన్ను బరువు చూసి, ఏ మడి ఎన్ని తూములు రాలుస్తుందో అంచనా కట్టుకుని ఉంటాడు. నూర్చి తూర్పారబట్టిన రాశి మీద రాత్రికి చెక్కముద్ర పడుతుంది. గుప్పెడు గింజలు కదిలినా తెల్లారేసరికి ముద్ర చెదిరి పట్టిస్తుంది. కొలిచేవాడు మొదటి కుంచానికి ‘లాభం’ అని, ఆపైన ‘రెండు, మూడు’ అని రాగం తీస్తుంటే, కరణం కలం ఎత్తకుండా గొలుసుకట్టు రాతలో ఎక్కించుకుంటూ పోతాడు. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అందులో దివాణం పాలెంత, రైతు పాలెంత, ముందే తీసిపెట్టాల్సిన కమ్మరి, వడ్రంగి, కుమ్మరి మేరలెంత? వీసాలూ పరకలూ అన్నీ నోటిలెక్కలే. ఆ కలం వంకర పోతే ఇళ్లకు ఇళ్లే గుల్లయ్యేవి. తిన్నగా నడిస్తే మాత్రం, మేర కళ్ళంలోనే అందేది కాబట్టి, వడ్రంగి ఏడాది పొడవునా నాగళ్లు చెక్కిన కూలికి గడప గడపా తిరిగి బేరమాడే పని ఉండేది కాదు. మరుసటేడు తగువొస్తే పెద్దమనుషులు కరణం లెక్కల కవిలె విప్పించేవారు. అక్షరం రాని రైతు కష్టానికీ అందులో ఒక వరుస ఉండేది.