బల్ల మీద పగటి వెలుగు

మెదక్ చర్చిలోకి పట్టపగలు అడుగు పెట్టినవాళ్ల చూపు మూడు పెద్ద రంగు గాజు కిటికీల దగ్గర ఆగిపోతుంది. 1924లో ప్రారంభమైన ఆ చర్చికి ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన ఈ కిటికీలు 1927, 1947, 1958 సంవత్సరాల్లో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. క్రీస్తు ఆరోహణం, జననం, సిలువ ఘట్టం వాటిలోని దృశ్యాలు. అవే కిటికీలను పగలు బయట నిలబడి చూస్తే మసక గాజు, సీసపు గీతలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. పొద్దుగుంకితే లోపలివాళ్లకూ అంతే.

వెనక నుంచి వెలుగు పడితేనే రంగు విచ్చుకునే ఈ కళను చేతబట్టిన మనిషి మాత్రం బల్ల ముందు కూర్చునే పని చేయాలి. బల్ల మీద పరిచిన గాజు వెనక వెలుగుండదు. ముదురు నీలం, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ మూడూ ఇంచుమించు నల్లగానే కనిపిస్తాయి. కింద గీసిన నమూనా గీతలూ కనబడవు. ఈ చిక్కు తీర్చేదే లైట్ బాక్స్: అడుగున దీపాలు, పైన పాలరంగు పలక, దాని మీద గాజు.

దీపాలు కొత్తవేగానీ అవసరం చాలా పాతది. 12వ శతాబ్దం తొలినాళ్లలో థియోఫిలస్ అనే పేరుతో ఒక క్రైస్తవ సన్యాసి లాటిన్‌లో రాసిన చేతిపనుల గ్రంథం ఈ పద్ధతిని పూసగుచ్చినట్టు చెబుతుంది. చెక్కబల్లకు సుద్ద పూసి, నీళ్లు చల్లి, గుడ్డతో రుద్ది ఆరబెట్టాలి. ఆ తెల్లటి నేల మీద కిటికీ బొమ్మను గీసుకోవాలి. గీతల మీద గాజు పెట్టి, కనిపించిన ఆకారాన్ని గాజు మీదికి ఎక్కించాలి. తెల్లసుద్ద వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి లేత గాజుకు ఇది సరిపోతుంది. ముదురు గాజుకు ఆయన వేరే ఉపాయం చెప్పాడు: ముందు తెల్లగాజు ముక్క మీద ఆకారం గీసి, ముదురు గాజును దానికి ఆనించి, రెండింటినీ వెలుగుకు ఎదురుగా ఎత్తి పట్టుకుని గీయమన్నాడు. లైట్ బాక్స్ చేసే పని సారం అందులోనే ఉంది. అలాంటి సుద్దబల్లలు, 14వ శతాబ్దానివి, స్పెయిన్‌లోని గిరోనాలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

తర్వాతి కాలపు కార్ఖానాలు పెద్ద అద్దపు పలకను కిటికీకి ఎదురుగా నిలబెట్టి, కోసిన ముక్కలను మైనంతో దానికి అంటించి చూసేవి. సీసపు పట్టీలు వచ్చే చోట నల్లగీతలు వేసేవి. న్యూయార్క్‌లో టిఫనీ సంస్థ, అందులో క్లారా డ్రిస్కాల్ నాయకత్వంలో నడిచిన మహిళల విభాగం గాజును ఎంచుకున్నదీ ఇలా వెలుగుకు ఎదురుగా పెట్టి చూసే. ఈ పద్ధతి ఎంత నమ్మకమైనదైనా మబ్బు పడితే పని ఆగుతుంది. లైట్ బాక్స్‌తో రాత్రిపూట కూడా పని సాగుతుంది.

అయితే లోపల ఎలాంటి దీపం పెట్టామన్నది గాజు భవిష్యత్తును నిర్ణయిస్తుంది. వెలుగు రంగును చెప్పే కెల్విన్ లెక్కలో 2700 ఉండే పసుపు బల్బు మీద ఎరుపులు, కాషాయాలు మండిపోతాయి, నీలం చచ్చిపోతుంది. ఆ వెలుగులో ఎంచుకున్న నీలాన్ని గోడకెక్కించాక ఆకాశపు వెలుగు తగిలితే అనుకున్నదానికంటే గట్టిగా కొడుతుంది. అందుకే పగటి వెలుగుకు దగ్గరగా 5000 నుంచి 6500 కెల్విన్ మధ్య ఉన్న ఎల్ఈడీ కావాలి. రంగులను నిజాయితీగా చూపించే గుణానికి కొలత సీఆర్ఐ. అది 90కి తగ్గకూడదు. ఇక్కడొక మెలిక ఉంది. మామూలుగా ప్రకటించే సీఆర్ఐ ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును పరీక్షించే ఆర్9 అనే అంకె అందులో కలవదు. బంగారంతో వచ్చే గులాబీ గాజు, సెలీనియంతో వచ్చే ఎరుపు గాజు కొనేవాళ్లు ఆ అంకె కూడా అడిగి తీసుకోవాలి.

బజార్లో దొరికే పల్చటి ఎల్ఈడీ ట్రేసింగ్ ప్యాడ్లు కాగితం కోసం చేసినవి. వాటి వెలుగు ముదురు గాజును సరిగా దాటదు. 3 మి.మీ. గాజు చదరపు మీటరుకు 7.5 కిలోలు తూగుతుంది. దాని మీద కట్టరు నొక్కుడు, మోచేతి బరువు కూడా పడితే ఆ ప్యాడ్లు తట్టుకోవడం కష్టం. కంప్యూటర్ తెరలు వచ్చాక ఆసుపత్రులు పక్కన పడేసిన ఎక్స్‌రే వ్యూయర్లు ఇంతకంటే మేలు. 14×17 అంగుళాల ఫిల్ముకు సరిపడేవి చిన్న ప్యానెళ్లకు చక్కగా పనికొస్తాయి. కాకపోతే పాత ట్యూబులు మార్చి, పైన గట్టి అద్దం వేసుకోవాలి.

సొంతంగా కట్టుకోవడం కష్టమేమీ కాదు. ప్లైవుడ్ పెట్టె, లోపల మెరుపు లేని తెల్లరంగు, అడుగున అల్యూమినియం పట్టీల మీద ఎల్ఈడీ స్ట్రిప్పులు, పైన గ్లో సైన్ బోర్డుల వాళ్ల దగ్గర దొరికే పాలరంగు అక్రిలిక్ షీటు. అల్యూమినియం వేడిని లాగేస్తే ఎల్ఈడీలు ఎక్కువ కాలం మన్నుతాయి. స్ట్రిప్పుల మధ్య ఎడం 5 సెం.మీ. అయితే షీటు వాటికి అంతకన్నా ఎత్తులో ఉండాలి. ఈ లెక్క తప్పితే వెలుగు చారలు చారలుగా పడి, ఒకే గాజు ముక్క చోటుకో రంగు చూపిస్తుంది. అక్రిలిక్ మీద గాజు నలుసు పడి జరిగిందంటే గీత ఖాయం. కాబట్టి దాని మీద 6 మి.మీ. టఫెన్డ్ గ్లాస్ వేయాలి. దాన్ని తర్వాత కోయడం కుదరదు, కొలత ముందే సరిచూసి చెప్పాలి. మామూలు అద్దంలో ఇనుము వల్ల పచ్చని ఛాయ ఉంటుంది, ఇనుము తక్కువున్న రకం దొరికితే తెలుపు తెలుపుగా ఉంటుంది. వెలుగు తగ్గించే డిమ్మర్ తప్పనిసరి: ముదురు నీలానికి కావలసినంత వెలుగు లేత పసుపు కింద కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. సోల్డరింగ్ మాత్రం ఈ బల్ల మీద పెట్టుకోకూడదు.

ఇక చూసే పద్ధతి. వెలుగుతున్న తెల్లటి పలక మధ్యలో అరచేతి వెడల్పు నీలం ముక్క ఒక్కటే పెడితే అది మాసినట్టు కనిపిస్తుంది. చుట్టూ ఉన్న తెలుపుకు కంటిపాప ముడుచుకోవడం ఇందుకు ఒక కారణం. నల్ల చార్టును ముక్క ఆకారంలో కత్తిరించి చుట్టూ కప్పగానే అదే నీలంలోని బుడగలు, గాజు లాగినప్పటి చారలు కూడా తేలుతాయి. సీసం పట్టీ కిటికీలో ఈ పని కూడా చేస్తుంది. నీలం తన పక్క రంగుల మీదికి పాకినట్టు కనిపిస్తుందని 19వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి వియొలే ల్యూ డ్యూక్ వివరంగా రాశాడు. అందువల్ల ముక్కలను విడివిడిగా చూసి తీర్మానించకుండా, పక్కపక్కన పేర్చి, మధ్య సందులను నల్లగా మూసి చూడాలి.

అన్ని గాజులకూ ఈ బల్ల ఒక్కటే చాలదు. జాన్ లా ఫార్జ్ 1880లో పేటెంటు పొందిన పాలగాజు వెనక వెలుగుతో పాటు ముందు వెలుగుకూ పలుకుతుంది, దాన్ని పైదీపం కిందా చూడాలి. చేయబోయేది దీపపు గొడుగైతే అందులో పెట్టబోయే బల్బు వెలుగులోనే గాజు ఎంచుకోవడం సబబు.

పాత కిటికీలను బాగుచేసేవాళ్లకు ఈ బల్ల రోగిని పరీక్షించే మంచం లాంటిది. ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ తూర్పు కిటికీని జాన్ థోర్న్‌టన్ 1405–1408 మధ్య చేశాడు. 2008లో దించిన ఆ కిటికీలోని 311 ప్యానెళ్లను బాగుచేసి తిరిగి అమర్చేసరికి 2018 వచ్చింది. ఇలాంటి పనిలో వెనక వెలుగు అరిగిపోయిన చిత్రణను, పగుళ్లను చూపిస్తుంది. ఏటవాలుగా ముందు నుంచి వేసిన వెలుగు గాజు తుప్పును, గీతలను పట్టిస్తుంది. రెండు వెలుగుల్లోనూ ఫొటోలు తీసి ఉంచుతారు. చిన్న ప్యానెల్ చేసినవాళ్లు కూడా గోడకెక్కించే ముందు బల్ల మీదే ఆ రెండు ఫొటోలూ తీసుకోవడం మంచిది. పాతికేళ్ల తర్వాత ఒక ముక్క పగిలితే, దాని స్థానంలో ఏ గాజు వేయాలో మరమ్మతు చేసేవాళ్లకు అవే చెబుతాయి.