ఫొటో లేనివారి చరిత్ర: ‘ది గ్లాస్ ప్యాలెస్’ నవలపై కొన్ని ఆలోచనలు

తాడేపల్లిలో సాహితీ మిత్రులం అమితావ్ ఘోష్ ఇంగ్లీషు నవల ‘ది గ్లాస్ ప్యాలెస్’ (2000) మీద చర్చకు కూర్చున్నప్పుడు ఒక విద్యార్థిని, “బర్మా కథే గదా, ఇందులో మన తెలుగువాళ్లు ఎక్కడున్నారు సార్?” అని అడిగింది. అప్పటికప్పుడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఇది ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

ముందుగా నవల బలాన్ని ఒప్పుకోవాలి. యుద్ధకాలపు ఆక్రమణను రాసేవారు సాధారణంగా శత్రుసైన్యం రాకతో కథ ఎత్తుకుంటారు. ఘోష్ 1942లో జపాన్ సైన్యం రంగూన్ చేరడం కన్నా ముందు, 1885లో బ్రిటిష్ సైన్యం మాండలేను ఆక్రమించడం చూపాడు. ఆ సైన్యంలో భారతీయ సిపాయిలున్నారు. ఆక్రమణ ఏదో ఒక జాతి దుర్మార్గం కాదు, సామ్రాజ్యవాద స్వభావమే అన్న దృక్పథం దీనివల్ల స్థిరపడింది. ఎవరి కోసం ఈ తుపాకి పట్టానని ప్రశ్నించుకుని ఆజాద్ హింద్ ఫౌజ్ వైపు మళ్లిన అర్జున్ పాత్ర ఈ వైరుధ్యానికి సజీవ రూపం. ఈ నవలను 2001లో కామన్వెల్త్ బహుమతి పోటీ నుంచి రచయిత ఉపసంహరించుకోవడం కూడా ఆ దృక్పథానికి తగినదే.

నా అభ్యంతరం రెండో కాలంతోనే. బర్మా నుంచి కాలినడకన తరలివస్తూ మంజు దారిలో నదిలో ప్రాణం వదులుతుంది. ఆమె పసిబిడ్డ జయ బతుకుతుంది. 1996లో ఆ జయే రంగూన్ వెళ్లి, ఆచూకీ తెలియని పినతండ్రి దీనును అతని ఫొటో స్టూడియోలో కలుసుకుంటుంది. మిస్టరీ విడుతుంది, పాఠకుడి కళ్లు చెమ్మగిల్లుతాయి. కాని వెతకడానికి చదువు, డబ్బు, పాత ఫొటోలు కావాలి. అవి ఉన్న కుటుంబానికే తప్పిపోయినవాడు దొరుకుతాడు. ఆ కుటుంబపు యజమాని రాజ్‌కుమార్ తొలి పెట్టుబడి ఎక్కడిది? దక్షిణ భారతం నుంచి చమురు బావులకు కూలీలను తరలించి సంపాదించినది. రచయిత ఈ నిజాన్ని దాచలేదు. కాని ఆ కూలీల మనుమల కోసం రెండో కాలాన్ని తెరవలేదు. రబ్బరు తోటలో రాజ్‌కుమార్‌కు బిడ్డను కన్న కూలీ స్త్రీకీ తన గొంతు దక్కలేదు.

తెలుగువాళ్లు ఉన్నది అక్కడే. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది ‘రంగం’ పోయారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కార్మికులు సమ్మె చేస్తే యజమానులు బర్మీయులను పనిలో పెట్టారు. సమ్మె తీరగానే వారిని తొలగించారు. పేదలు పేదల రక్తం చిందించారు. 1942లో సుమారు అయిదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు. వేలమంది అడవిదారుల్లో రాలిపోయారు. 1964 జాతీయకరణ తర్వాత వచ్చినవారి గుర్తుగా విశాఖపట్నంలో ఒక పేటకు బర్మా క్యాంపు అన్న పేరు మిగిలింది.

రంగం నుంచి తిరిగి రానివాడి గురించి ఆ ఇళ్లలో మిస్టరీ లేదు, ఎదురుచూపే ఉంది. ఆ లోటు ఘోష్ పూడ్చవలసింది కాదు. ఫొటో లేని ఇంట్లో ముసలమ్మ జ్ఞాపకమే దస్తావేజు. యువరచయితలు ఆ గుమ్మం ముందు కూర్చుని వినాలి. ఆ విద్యార్థినికి నేనివ్వగల జవాబు ఇదే: మనవాళ్లు ఆ నవల అంచున ఉన్నారు, నడిమికి తేవలసింది నువ్వే.